లైటు ఆర్పకూడని చోటు

కారు తాళం తిప్పితే ఇంజను లేవకుండా టకటకటకమని చప్పుడు మాత్రం చేసిందనుకోండి. దానికి కారణం ఏమై ఉంటుంది? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. చెయ్యెత్తిన వాళ్ళనే అడుగుతాను.

బ్యాటరీ అన్నావా? బాగుంది. నువ్వు... పెట్రోలు అయిపోయిందంటావా? కాదు నాన్నా. పెట్రోలు లేకపోతే ఇంజను గిరగిరా తిరుగుతుంది గానీ అంటుకోదు. మనం చెప్పుకుంటున్న బండి తిరగనే తిరగదు. ఆ మూల దుప్పట్లోంచి ఎవరో 'దెయ్యం' అన్నారు. వాణ్ణి చూసి నవ్వకండి. ఒకప్పుడు ఊరు ఊరంతా చెప్పిన జవాబు అదే.

మేమున్న ఊరు దాటి పెద్దాసుపత్రికి వెళ్ళే దారిలో ఒక రైలు గేటు ఉండేది. పట్టాలు ఎత్తు మీద ఉండేవి కాబట్టి రోడ్డు కూడా అక్కడ ఏనుగు వీపులా పైకి లేచేది. ఆ ఎత్తు మొదలయ్యే చోట, కుడి పక్కన, ఒక ఖాళీ ఇల్లు. ముందు గదికి కిటికీ ఉంది, దానికి ఒక రెక్క లేదు. ప్రహరీ గోడకి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఇనప గేటు ఎప్పుడో ఎవరో తెరిచి వెళ్ళారు. అది తుప్పు పట్టి అలాగే బిగుసుకుపోయింది. ఇక మూసుకోదు.

ఆ ఇంట్లో ఎవరుండేవారో ఎవరికీ తెలియదు. ఎవరో చనిపోయారని అనేవారు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చనిపోని ఇల్లు ఉంటుందా? దానికి చెడ్డపేరు వచ్చింది అందువల్ల కాదు. బళ్ళ వల్ల.

గేటు పడితే కార్లూ లారీలూ సరిగ్గా ఆ ఇంటి పక్కన ఎత్తు మీద వరసగా ఆగేవి. గూడ్సు రైలు వచ్చిందంటే దానికి తలా తోకా ఉండేది కాదు. పెట్రోలు ఎందుకు దండగని అందరూ ఇంజను ఆపేసేవారు. గేటు లేచాక చూస్తే, వాటిలో ఏదో ఒక బండి కదిలేది కాదు. తాళం తిప్పితే టకటకటక... అంతే. పగలెప్పుడూ ఇలా జరిగేది కాదు, చీకటి పడ్డాకే. కొత్త బళ్ళ జోలికి వెళ్ళేది కాదు. పాత బళ్ళంటేనే దానికి లోకువ. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, పరీక్షలో అడుగుతాను.

దీనికి విరుగుడు కూడా ఊరే కనిపెట్టింది. ఆ ఇంటి ముందు ఇంజను ఆపినా సరే, లైటు మాత్రం ఆర్పకూడదు. చీకటిగా ఉన్న బండిలోకే 'అది' ఎక్కి కూర్చుంటుందట. అందుకని ముందు లైట్లు, లోపలి లైటు, ఇండికేటర్లు — బండిలో వెలిగేవన్నీ వెలిగించి ఉంచేవారు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నంత సహజంగా అందరి చేతులూ ఆ మీటల మీదకి వెళ్ళేవి.

ఇప్పుడు కథలోకి వస్తాను. జరిగినప్పుడు నేనక్కడ లేను. మీ తాతగారికి బదిలీ అయి మేం వేరే ఊళ్ళో ఉన్నాం. కారు నడిపింది నా తోటికోడలు, అంటే మీ చిన్న నానమ్మ. వెనక సీట్లో ఉన్నది మా అత్తగారు, అంటే మీ తాతమ్మ. వాళ్ళిద్దరూ విడివిడిగా నాకు చెప్పింది కలిపి మీకు చెబుతున్నాను.

చలికాలం. అర్ధరాత్రేం కాదు, వీధిలైట్లు వెలిగి ఎంతోసేపు కాలేదు. దెయ్యాలకి కూడా ఆఫీసు వేళలుంటాయని మీకెవరు చెప్పారు?

మీ తాతమ్మకి ఉబ్బసం. ఆ సాయంత్రం అది తిరగబెట్టింది. పీల్చే మందు డబ్బా ఊపి చూస్తే చప్పుడు లేదు, ఖాళీ. చిన్న తాతగారు రాత్రి డ్యూటీలో ఉన్నారు. ఇప్పటిలా చేతుల్లో ఫోన్లు లేవు. ఆవిడ గొంతులో పిల్లికూతలు గది బయటికి వినిపిస్తున్నాయి. చిన్న నానమ్మ ఇంకేం ఆలోచించలేదు. అత్తగారికి శాలువా చుట్టి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, గాలి ఆడుతుందని ఆవిడ వైపు అద్దం దించి, తాళం తిప్పింది.

బండి అప్పుడు మంచిగానే లేచింది. పాత కారు. అంతకన్నా పాత బ్యాటరీ. మార్చాలి మార్చాలి అంటూనే చిన్న తాతగారు రోజులు నెట్టుకొస్తున్నారు.

చిన్న నానమ్మ డ్రైవింగ్ నేర్చుకుని అప్పటికి కొద్ది నెలలే. నెమ్మదిగా నడిపేది. ఊపిరందని ఆయాసంలో కూడా మీ తాతమ్మ వెటకారం మానలేదు. వెనక నత్త హారన్ కొడుతోంది, కాస్త దారియ్యమని కోడలికి చెప్పింది. ఆ మాటకి మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. అయినా పూర్తి చేసింది. మీ తాతమ్మ అటువంటి మనిషి.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఎర్ర దీపం వెలుగుతోంది. అడ్డకర్ర పడి ఉంది. ముందు ఇంకో బండి లేదు, వెనకా లేదు. ఆ గేటుకి కాపలా మనిషి కూడా ఉండడు, స్టేషన్లో ఎవరో మీట నొక్కితే లేస్తుంది.

గూడ్సు వచ్చింది. పెట్టె వెనక పెట్టె... పెట్టె వెనక పెట్టె... చివరికి పట్టాలకి అడ్డంగా అలాగే ఆగిపోయింది. ముందు సిగ్నల్ లేదు కాబోలు.

చిన్న నానమ్మ ఇంజను ఆపింది. మరుక్షణం వెనక నుంచి భుజం మీద వేళ్ళు పడ్డాయి. లైటు. ఆ మాత్రం తనకీ తెలుసు. ముందు లైట్లు ఉంచింది. పైన చిన్న లైటు వేసింది. అత్తగారికి అది చాలలేదు. చేత్తో చూపించి ఫ్యాను వేయించింది. వైపర్లు కూడా వేయించింది. ఏదో ఒకటి కదులుతూ ఉండాలట.

వాన లేదు. పొడి అద్దం మీద వైపర్లు కిర్రు... కిర్రు... మంటున్నాయి. వాటితో పోటీగా వెనక పిల్లికూతలు. పక్కన ఆ ఇల్లు. రెక్క లేని కిటికీ.

ఎంతకీ కదలని రైలు ఎప్పటికో కదిలింది. అడ్డకర్ర లేచింది. చిన్న నానమ్మ తాళం తిప్పింది.

టకటకటకటక.

ఇంకోసారి.

టకటకటక...

ఆమెకి డ్రైవింగ్ నేర్పిన మాస్టారు ఒక మాట చెప్పి ఉన్నారట. బండి లేవనప్పుడు బండిని చూడకు, లైటుని చూడు అని. ఇది కాస్త శ్రద్ధగా వినండి. తాళం తిప్పినప్పుడు లోపలి లైటు ఎప్పటిలాగే వెలుగుతుంటే కరెంటుకి లోటు లేదన్నమాట. అప్పుడు ఇంజనుని తిప్పే స్టార్టర్ మోటారునో, దాని తీగలనో అనుమానించాలి. అలా కాక లైటు కుంగిపోయిందా, బ్యాటరీలో సత్తువ లేదు, లేకపోతే దాని తీగలు సరిగా అంటుకుని లేవు.

ఆమె లైటు వంక చూస్తూ తాళం తిప్పింది. లైటు మిణుగురంత అయిపోయింది.

అయితే బ్యాటరీ, లేదా తీగ. తీగ వదులైతే దిగి చూడాలి.

దిగాలి.

ఆ ఇంటి వైపు తలుపే ఆమె తలుపు. తీసుకుని దిగింది. బానెట్ ఎత్తింది. అంటే ఇక ఆమెకి ఇల్లు కనపడదు — ఇంటికి ఆమె వీపు కనపడుతుంది. బ్యాటరీకి రెండు పక్కలా ఉన్న బిగింపులు పట్టుకుని కదిపింది. గట్టిగానే ఉన్నాయి. మరోసారి కదిపింది. చల్లగా, గట్టిగా... తీగల తప్పేం లేదు.

అప్పుడే కిర్రు చప్పుడు ఆగిపోయింది.

బానెట్ పక్కనుంచి తొంగి చూస్తే, వైపర్లు అద్దం మధ్యలో నిలబడిపోయి ఉన్నాయి. పైకీ లేవు, కిందికీ పడవు. రెండు చేతులెత్తి ఎవరో ఆగమన్నట్టు.

ఇంకొకరైతే అక్కడే పరుగు అందుకునేవారు. కానీ ఆ వైపర్లు చూస్తున్నప్పుడే ఆమె లోపల ఒక లెక్క తేలింది. ముందు లైట్లు తాగుతున్నాయి. పైన లైటు తాగుతోంది. ఫ్యాను తాగుతోంది. ఇంజను ఆగి ఉంటే బ్యాటరీలోకి వచ్చేదేమీ లేదు, పోయేదే. అసలే ముసలి బ్యాటరీ. దాన్ని తాగేస్తున్నది ఇంట్లో ఉన్నదేదో కాదు... భయపడి మనం వెలిగించుకున్నవి.

ఇప్పుడు చెప్పండి. చీకటి పడ్డాకే ఎందుకు? పాత బళ్ళే ఎందుకు?

అదీ. అందరికీ మార్కులు వేస్తాను. భయం బళ్ళని ఆపింది. బళ్ళు ఆగేకొద్దీ భయం పెరిగింది. ఎంత భయపడితే అన్ని లైట్లు.

సరే, కారణం తెలిసింది. మందు? అన్నీ ఆర్పెయ్యాలి. ఆ ఇంటి పక్కన, చిమ్మచీకట్లో కూర్చోవాలి.

బానెట్ మూసి లోపలికి వచ్చి వెనక్కి తిరిగేసరికి, మీ తాతమ్మ పైనున్న లైటు మీటని పిడికిట్లో పట్టుకుని ఉంది. కోడలి మొహం చూడగానే అర్థమైపోయింది ఆవిడకి.

"లైటు... ఆర్పకే."

"అత్తయ్యా, ఈ లైటే మన బండిని తాగేస్తోంది."

"పోతే పోతాను... చీకట్లో పోనివ్వకే."

చిన్న నానమ్మ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. చలికి కాదు, ఊపిరి చాలక ఆ గోళ్ళు నీలంగా ఉన్నాయి. "మిమ్మల్ని పోనిస్తే రేపటి నుంచి నన్ను వెక్కిరించేదెవరు?" అంది మెల్లగా. "మీరేం మాట్లాడకండి. ఆ పిల్లికూత వినపడుతుంటే చాలు. మీరున్నారని నాకు ధైర్యం."

ఫ్యాను, వైపర్లు ఆపింది. ముందు లైట్లు ఆర్పింది. పైన లైటు ఆర్పింది.

చీకటి అంటే మీరనుకునే చీకటి కాదు. మన వీధిలో కరెంటు పోతే ఎక్కడో ఒక వెలుగు ఉంటుంది. అక్కడ చెయ్యి ముందు పెట్టుకుంటే చెయ్యి లేదు.

ఒక్క క్షణం... ఏమీ వినపడలేదు.

అత్తయ్యా, అనబోయింది. అంతలో మళ్ళీ మొదలైంది — సన్నగా, సాగదీసినట్టు... పిల్లికూత. హమ్మయ్య అనుకుంది. ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకున్నట్టుంది, కాస్త దూరంగా వినపడుతోంది. ఉంది. ఊపిరి ఆడుతోంది.

బరువు దించితే ముసలి బ్యాటరీ కూడా కొంచెం తేరుకుంటుంది. అలసిన మనిషి మెట్ల మీద కూర్చుని లేచినట్టు. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. ఆ కూతనే వింటూ కూర్చుంది. తర్వాత తాళం తిప్పింది.

టక్.

ఒక్కటే. టకటక కూడా అనే ఓపిక లేదు దానికి.

ఇంకొక్కటే దారి ఉంది. బండిని దొర్లించాలి. చక్రాలు తిరుగుతుండగా గేరులో ఉంచి క్లచ్ వదిలితే, ఆ చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. కానీ బండి ఎత్తు మీద ఉంది, మొహం పైకి ఉంది. ముందుకి తొయ్యడానికి మనుషులు లేరు. వెనక్కయితే దానంతటదే దొర్లుతుంది. లైట్లు లేకుండా, వెనక్కి, చీకట్లో — ఆ ఇంటి గేటు వైపు.

పల్లం ఉన్నంతవరకే అవకాశం. కిందికి వెళ్ళాక రోడ్డు సమంగా ఉంటుంది. అక్కడ ఆగితే ఇక ఆగినట్టే. అక్కడే, ఆ ఇంటి ముందే.

ఆమె తాళం తిప్పి ఉంచింది. క్లచ్ నొక్కి రివర్స్ గేరు వేసింది. కిటికీలోంచి తల బయట పెట్టింది. ఎంత సున్నం రాలినా ప్రహరీ గోడ చీకట్లో కొంచెం తెల్లగా ఉంది, అదే ఆమెకి గురుతు. బ్రేకు వదిలింది.

బండి కదిలింది.

మెల్లగా... ఇంకొంచెం... టైర్ల కింద గులకరాళ్ళు చిటచిటమన్నాయి. వెనక పిల్లికూత పెద్దదవుతోంది. అత్తయ్యకి మరీ ఎక్కువైపోతోందనుకుంది. గోడ దగ్గరకి వస్తోంది. ఇప్పుడే వదలాలా? ఇంకొంచెం ఆగాలా?

క్లచ్ వదిలింది.

బండి వెక్కిలొచ్చినట్టు ఎగిరిపడింది. ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది.

మళ్ళీ క్లచ్ నొక్కింది. సగం పల్లం అయిపోయింది. బండి దొర్లుతూనే ఉంది. కూత ఇప్పుడు చెవి పక్కనే ఉన్నట్టుంది. గోడ పక్కకి వచ్చింది... గోడ అయిపోయింది... తెరిచి ఉన్న ఇనప గేటు పక్కకి వచ్చింది —

వదిలింది.

ఇంజను అంటుకుంది.

ఆ చప్పుడు తన జన్మలో విన్న మంచి చప్పుళ్ళలో ఒకటని ఇప్పటికీ అంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తియ్యకుండా, ఇంజను బాగా గర్జించాక అప్పుడు లైట్లు వేసింది. ఫస్ట్ గేరు వేసింది. వెనక చూసే అద్దంలోకి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, చూడాలని మరీ అనిపించింది కాబట్టి.

ఎత్తు ఎక్కుతుంటే పిల్లికూత వెనకపడి సన్నబడింది. పట్టాలు దాటాక వినపడలేదు. ఇంజను హోరులో కలిసిపోయిందనుకుంది. ఆ రాత్రి ఆమెని నత్త అనడానికి ఎవరికీ వీలుండేది కాదు.

ఆసుపత్రి గుమ్మంలోనే డాక్టరు పరుగెత్తుకొచ్చింది. మొహానికి ఆక్సిజన్, చేతికి సూది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమంది. తెల్లారేసరికి మీ తాతమ్మ కళ్ళు తెరిచి, దుప్పటి గరుకుగా ఉందని నర్సుతో పేచీ పెట్టుకుంది. అందరూ స్థిమితపడ్డారు.

మర్నాడు చిన్న నానమ్మ కారుని రిపేరు షాపుకి తీసుకెళ్ళి తన లెక్క చెప్పింది. మెకానిక్ బ్యాటరీ చూసి అవునన్నాడు, నవ్వాడు. ఈ సంగతి ఊళ్ళో చాటించకండమ్మా, నా షాపుని సగం నడిపేది ఆ దెయ్యమే అన్నాడట. చిన్న నానమ్మ ఊరుకోలేదు. కనపడ్డ వాళ్ళకల్లా చెప్పింది. నమ్మినవాళ్ళు నమ్మారు. నెమ్మదిగా గేటు దగ్గర లైట్లు ఆర్పుకోవడం అలవాటైంది. బళ్ళు ఆగడం కూడా మానేశాయి.

దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అర్థమైందా?

మంచిది. అయితే ఇంకొక్క ముక్క ఉంది. చెప్పాలా వద్దా అని చూస్తున్నాను.

కబురు తెలిసి నేను వెళ్ళాను. చిన్న నానమ్మ నన్ను బస్సు దగ్గర కలుసుకుని, దారిలో కథంతా చెప్పింది. ఆ చీకట్లో అత్తయ్య పిల్లికూతే లేకపోతే నా చేతులు ఆడేవి కావక్కా, అంది. ఆసుపత్రిలో నన్ను మంచం పక్కన వదిలి, తను మందులు తేవడానికి వెళ్ళింది.

అత్తగారు నా చెయ్యి పట్టుకుని దగ్గరికి రమ్మంది. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

"చిన్నదానితో అనకు. చిన్నబుచ్చుకుంటుంది," అంది. "లైటు ఆర్పగానే నా ఛాతీ మూసుకుపోయింది. నోరు తెరిచానే గానీ శబ్దం లేదు. పిలుద్దామన్నా కూత కూడా రాలేదు. డాక్టరమ్మ కూడా అదే అంది, ఇక్కడికి తెచ్చేసరికి ఛాతీలో చప్పుడే లేదట. గాలే ఆడనప్పుడు పిల్లికూత ఎక్కడిది?"

గ్లాసుతో నీళ్ళు అందించాను, ఒక గుక్క తాగింది.

"పాపం, పైకి ఎంత ధైర్యంగా ఉన్నా అది పసిపిల్లే. చీకట్లో కూర్చున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. సన్నగా... సాగదీసి... ఈలలాగా. విన్నాను. ఎత్తు ఎక్కాక గానీ ఆపలేదు."

సాయంత్రం చిన్న నానమ్మని మాట వరసకి అడిగినట్టు అడిగాను, ఆ రాత్రి ఏడుపొచ్చిందా అని. నా వైపు వింతగా చూసింది.

"ఏడవడానికి తీరికెక్కడిదక్కా?" అంది.

ఈవిడ చెప్పింది ఆవిడకి చెప్పలేదు. ఆవిడ చెప్పింది ఈవిడకి చెప్పలేదు. ఇద్దరూ ఎదుటి మనిషినే విన్నామనుకున్నారు. అలాగే ఉండనిచ్చాను.

ఏమిటి, ఒక్క చెయ్యీ లేవదు? ప్రశ్నలుంటే పొద్దున అడగండి. డాబా మీద ఆరేసిన బట్టలు సగమే తీశాను, మంచు పడితే మళ్ళీ తడుస్తాయి. ఎవరైనా నాతో వచ్చి బుట్ట పట్టుకుంటారా?...

సరేలెండి. నేనే వెళ్తాను.